పదకొండేళ్ల పాపను ప్రాంతీయ సంగీత, నృత్య పోటీలకు పంపవచ్చా?

నిస్సందేహంగా పంపవచ్చు. పాప గాత్రం నేర్చుకుంటోందని, గురువుగారు ఈసారి కడపలో జరిగే పోటీలో పాడించమంటున్నారని, ఇంత చిన్న వయస్సులో అంత ఒత్తిడి తట్టుకోగలదా అని మీ సందేహమని వ్రాశారు. నేను ఈ జిల్లాలో మృదంగం నేర్పుతూ, ఇటువంటి పోటీలలో గాత్ర విభాగానికి పక్కవాద్యం వాయిస్తూ వస్తున్నవాణ్ణి. పాడే పిల్లలను ఎదుటి కుర్చీలలోంచి కాక పక్కనే కూర్చుని చూసినవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, వేదిక మీద పిల్లలు పడే తడబాటులో ముప్పాతిక భాగం ఆ పోటీని నడిపే తీరు వల్ల కలిగేదే.

నిర్వాహకులు పిల్లలను వయస్సును బట్టి గాని, పేర్లు నమోదైన వరుసను బట్టి గాని పిలుస్తారు. శ్రుతిని బట్టి, అంటే పాడేవారు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తును బట్టి, పిలవాలన్న ఆలోచన ఇంతవరకు ఒక్కరికీ రాలేదు. దాన్ని అంకెలతో చెబుతాము, అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు, మృదంగాన్ని ప్రతిసారీ ఆ శ్రుతికే కలపాలి. ఒక పాప నాలుగున్నర శ్రుతిలో పాడి లేస్తుంది, తరువాతి పాప ఆరులో పాడుతుంది, ఆ వెనుకనే గొంతు మారిన అబ్బాయి వచ్చి ఒకటిన్నరకు దిగుతాడు. హెచ్చు శ్రుతికి ఒకటి, తగ్గు శ్రుతికి ఒకటి చొప్పున రెండు మృదంగాలు మోసుకువెళ్లినా ఇది తీరే కష్టం కాదు. మృదంగం కుడి మూత అంచున అల్లిన తోలును రాయితోను, కర్రముక్కతోను చుట్టూ కొట్టుకుంటూ రావాలి. కిందికి కొడితే శ్రుతి పెరుగుతుంది, పైకి కొడితే తగ్గుతుంది, మూత చుట్టూ ఎక్కడ మీటినా ఒకే స్వరం పలికేదాకా ఆ పని పూర్తయినట్లు కాదు. అర మెట్టు తేడా అయితే క్షణాలలో సర్దవచ్చును గాని, నాలుగున్నర మీద ఉన్న మూతను ఉన్నపళంగా ఆరుకు ఎక్కించాలంటే తోలే ఒప్పుకోదు.

ప్రొద్దుటూరులో ఒక కల్యాణ మండపంలో జరిగిన పోటీ సంగతి చెబుతాను. ఉదయం తొమ్మిది గంటలకని ఆహ్వానపత్రంలో అచ్చువేసిన కార్యక్రమం, అతిథులకు శాలువాలు కప్పడం, వారు తమ బాల్యాన్ని గురించి సుదీర్ఘంగా ప్రసంగించడం ముగిసి, పన్నెండు దాటిన తరువాత మొదలయింది. (నాట్యం పిల్లలు తెల్లవారుజామున వేసుకున్న అలంకరణతో, తలనిండా పూలజడలతో, నీళ్లు తాగితే రంగు చెదురుతుందని పెద్దలు అనడంతో గొంతు ఎండిపోయి గోడవారన కూర్చుని ఉన్నారు. ఆ శాలువాలు సాయంత్రం కప్పితే ఎవరి గౌరవమూ తగ్గదు.) నా మృదంగం అంతకు ముందు పాడిన బాలిక కోసం నాలుగున్నరలో ఉంది. తరువాత వచ్చినది మీ పాప వయస్సే ఉన్న బాలిక, శ్రుతి ఆరు. నేను రాయి చేతికి తీసుకునేసరికే మైకులోంచి, "మృదంగం సార్, త్వరగా కానివ్వండి, భోజనాల వేళ అయింది" అన్న మాట వినిపించింది. ఆ బాలిక చాప మీద కూర్చున్న క్షణం నుంచే గంట కొట్టే ఆయన ఐదు నిమిషాల లెక్క మొదలుపెట్టాడు. ముందు వరుసలోంచి తల్లి, పాడు పాడు అని చేతులతో సైగలు చేస్తోంది.

ఆ పిల్ల పాడలేదు. ఆధార స్వరాన్ని ఆగకుండా వినిపించే శ్రుతి బాక్సు వైపు చెవి ఒగ్గి కాసేపు విని, నా వైపు తిరిగి మెల్లగా "ఇంగా కలవలేదు సార్" అంది. మైకు దగ్గరగా ఉండడంతో ఆ మాట హాలంతా వినిపించింది, వెనుక వరుసలలో కొందరు నవ్వారు కూడా. ఆమె చెప్పినది నిజం, మూతకు ఒక పక్కన రెండు చోట్ల స్వరం ఇంకా దిగువనే ఉంది. అవి సరిచేసేవరకు తొడ మీద చేయి ఉంచుకుని అలాగే కూర్చుని, అప్పుడు ముఖారి రాగంలో అన్నమాచార్య కీర్తన అందుకుంది. ఎత్తుగడ ఎక్కడా జారలేదు. మొదటి చరణం చివర నేను చిన్న ముక్తాయింపు (పాట భాగాన్ని ముగించే లయ విన్యాసం) వేస్తే, దాని లెక్క చేత్తో పట్టుకుని సరిగ్గా పల్లవిలోకి వచ్చింది. రెండవ చరణం మధ్యలో గంట మోగింది. అయినా పాటను తెంచకుండా ఆ పాదం పూర్తిచేసి, పల్లవి ఒక్క ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడి, నమస్కారం పెట్టి లేచింది. ఆమెకు ఏ బహుమతీ రాలేదు. సమయపాలన అనే గడిలో మార్కులు పోయాయని తరువాత తెలిసింది. మొదటి బహుమతి పొందిన అబ్బాయి తాళం కంటే ముందుకు పరుగెత్తాడని, వెనుక నుంచి పట్టుకుని లాగవలసి వచ్చిన నాకు తెలుసు. నన్నడిగితే, శ్రుతి కలవనిదే నోరు విప్పని ఆ నిగ్రహానికే సగం మార్కులు ఇవ్వాలి.

న్యాయనిర్ణేతలను గురించి మరొక ఫిర్యాదు. మన ప్రాంతంలో పోటీ అంటే అన్నమాచార్య కీర్తన తప్పనిసరి, రాజంపేట పక్కనే తాళ్లపాక ఉండగా అది సహజమే. అయితే తాము నేర్చుకున్న వరుసలో (బాణీలో) కాక వేరే వరుసలో పాడిన పిల్లలకు 'పాఠాంతరం తప్పు' అని మార్కులు తగ్గించేవారు ఉన్నారు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరు ఉంటుంది గాని స్వరలిపి ఉండదు. ఈనాడు మనం పాడే వరుసలు చాలా మటుకు ఇరవయ్యవ శతాబ్దిలో కూర్చినవే. 1893లో అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తిరుపతిలో ఆ సంకీర్తనలను పరిష్కరిస్తూ ఎన్నింటికో స్వరరచన చేశారు, ఆయన తరువాత మరెందరో చేశారు. ఒకే కీర్తనకు రెండు మూడు వరుసలు ప్రచారంలో ఉన్నప్పుడు, పదకొండేళ్ల పిల్ల తన గురువు నేర్పినట్లు పాడడం ఏ విధంగా తప్పవుతుందో నాకు బోధపడదు.

నృత్య విభాగం గురించి మీరు అడగలేదు గాని, అక్కడ వాద్యబృందం పూర్తిగా కనుమరుగై, పెన్‌డ్రైవ్ ఒక్కటే మిగిలింది. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి కూచిపూడి తరంగం ఆడే పిల్ల ఒక్క అడుగు వెనుకబడితే, నట్టువాంగం వేసే (తాళాలతో నృత్యాన్ని నడిపించే) గురువు పక్కనుంటే కనిపెట్టి అందిస్తాడు. రికార్డు ఎవరికోసమూ ఆగదు. అందుచేత పిల్లలు తాళాన్ని వదిలి, పాటను కంఠస్థం పట్టి ఆడడానికి అలవాటు పడుతున్నారు.

కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్ అనే విద్యార్థుల కళల పోటీ తొమ్మిది నుంచి పన్నెండవ తరగతి వరకు చదివేవారికి కనుక, మీ పాపకు దానికి ఇంకా వ్యవధి ఉంది. ప్రస్తుతానికి ఈ కడప పోటీకి ప్రవేశ రుసుము కట్టే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి, మృదంగం, వయొలిన్ ఉంటాయా, సమయం కూర్చున్నప్పటి నుంచి లెక్కిస్తారా లేక పాట ఎత్తుకున్నప్పటి నుంచా అని అడగండి. పక్కవాద్యం లేదంటే ఈ ఏడాదికి మానుకోండి. ఉందంటే, పోటీకి కొన్ని వారాల ముందు నుంచి పాపను ఎవరైనా మృదంగం మాస్టారు దగ్గర కూర్చోబెట్టి పాడించండి, ఆయనకు కొంత పారితోషికం ఇస్తే సరిపోతుంది. నమోదు పత్రంలో అడగకపోయినా, పేరు పక్కన ఆమె శ్రుతి ఎంతో వ్రాసి, వాయించేవారికి ముందురోజే తెలియజేయమని నిర్వాహకులకు గట్టిగా చెప్పండి. అది చేతికి అందితే, ఆ శ్రుతికి దగ్గరి మృదంగం ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని తెచ్చుకుంటాము.