మద్రాసు క్రిస్టియన్ కళాశాల, మన తెలుగు పెద్దలు

ప్రశ్న: సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి అని ఒక పుస్తకంలోనూ, క్రిస్టియన్ కళాశాల విద్యార్థి అని మరొక పుస్తకంలోనూ చదివాను. ఏది నిజం? ఈసారి చెన్నై వెళ్లినప్పుడు తాంబరంలో ఆయన చదువుకున్న తరగతి గదులను పిల్లలకు చూపించాలని ఉంది. వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆయన చదివింది క్రిస్టియన్ కళాశాలలోనే. ప్రెసిడెన్సీ కళాశాలతో ఆయన అనుబంధం అధ్యాపకుడిగా ఏర్పడినది. తిరుపతిలోనూ, వేలూరులోని వూర్హీస్ కళాశాలలోనూ చదువు ముగించుకుని మద్రాసు వచ్చిన రాధాకృష్ణన్, క్రిస్టియన్ కళాశాలలో తత్త్వశాస్త్రం తీసుకుని ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ శాస్త్రాన్ని ఎంచుకోవడానికి కారణం చాలా చిన్నది. అంతకుముందే డిగ్రీ పూర్తి చేసిన బంధువు ఒకరు తన పాత తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇవ్వడంతో, పుస్తకాలు కొనే భారం తప్పుతుందని ఆ కుర్రవాడు అదే దారి పట్టాడు. క్రైస్తవ మతప్రచారకులైన అధ్యాపకులు హిందూ ధర్మంపై చేసే విమర్శలు తనను కలవరపెట్టాయనీ, అందులో నిజమెంతో తేల్చుకోవాలనే పట్టుదలతోనే భారతీయ దర్శనాలను లోతుగా చదివాననీ తరువాతి కాలంలో ఆయనే రాసుకున్నారు. ఎం.ఏ. పట్టం కోసం వేదాంతంలోని నీతిశాస్త్రం మీద ఆయన రాసిన వ్యాసం 1908లో అచ్చయింది. వేదాంతంలో నీతికి తావు లేదన్న విమర్శకు అది సమాధానం. ఆ వ్యాసాన్ని మెచ్చుకున్న ఆచార్యుడు ఏ.జి. హాగ్ స్వయంగా క్రైస్తవ మిషనరీ కావడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

మరుసటి సంవత్సరం, 1909లో, ఆయన ప్రెసిడెన్సీ కళాశాల తత్త్వశాస్త్ర శాఖలో ఉద్యోగంలో చేరారు. మైసూరు విశ్వవిద్యాలయానికి వెళ్లింది 1918లో. పాఠం విన్నచోటును, పాఠం చెప్పినచోటును ఒకటిగా కలిపి రాయడం వల్లనే మీరు చూసిన తికమక వచ్చింది. సి.వి. రామన్, ఆయన అన్నగారి కుమారుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ మాత్రం నిజంగానే ప్రెసిడెన్సీ విద్యార్థులు.

ఇక తాంబరం సంగతి. అక్కడి ప్రాంగణం పచ్చని చెట్లతో చూడముచ్చటగా ఉంటుంది. పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. అయితే రాధాకృష్ణన్ చదువుకున్న గదులు అక్కడ లేవు. జాన్ ఆండర్సన్ అనే స్కాట్లండు మిషనరీ 1837లో ప్రారంభించిన పాఠశాలే పెరిగి కళాశాలైంది. అది నూరేళ్లపాటు నగరం నడిబొడ్డున, జార్జిటౌనులోనే నడిచింది. తాంబరానికి తరలినది 1937లో. అందుచేత రాధాకృష్ణన్ తరం వారు నడిచిన నేలను చూడాలంటే మీరు హైకోర్టు ఎదుటి వీధికి వెళ్లాలి. ఆండర్సన్ పేరిట కట్టిన చర్చి ఆ వీధిలో నేటికీ ఉంది.

ప్రశ్న: ఆనాటి తెలుగు నాయకులు, రచయితలు ఎవరి జీవితచరిత్ర తీసినా "మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో బి.ఏ." అన్న మాట కనిపిస్తోంది. ఇంతమంది అక్కడికే ఎందుకు వెళ్లారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మొదటి కారణం పరిపాలనకు సంబంధించినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే ఉండేవి. రాజమండ్రి, బందరు, విజయనగరం వంటి పట్టణాలలో మంచి కళాశాలలు ఉన్నప్పటికీ, పై చదువులపై ఆశ ఉన్నవారు చాలావరకు మద్రాసుకే చేరేవారు. రెండవ కారణం విలియం మిల్లర్. 1862లో వచ్చి, దశాబ్దాలపాటు ఆ సంస్థను నడిపిన ఈ ప్రిన్సిపాలు తన విద్యార్థుల మీద వేసిన ముద్ర సామాన్యమైనది కాదు. ఆయన శిష్యులలో ఒకరైన రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలై, గురువు తనకు చేసినదే తాను మరొక తరానికి చేశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆ తరంలోని వారే.

మీరు అడిగిన వారిలో నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించేది కట్టమంచి రామలింగారెడ్డి గారి ఉదంతం. కళాశాలలోని ఆంధ్ర భాషాభిరంజని సమాజం పెట్టిన కావ్య రచన పోటీకి, ఇరవై ఏళ్లు నిండకముందే, 1899లో ఆయన "ముసలమ్మ మరణము" రాసి బహుమతి పొందారు. ఇతివృత్తం పురాణాలలోనిది కాదు, అనంతపురం ప్రాంతపు చరిత్రలోనిది. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు ఊరిని కాపాడడం కోసం ఒక కాపు కోడలు ఆ గండిలోకి నడిచివెళ్లి ప్రాణం అర్పించిన కథ. రాజులూ దేవతలూ లేని ఒక పల్లెటూరి విషాదాన్ని పద్యకావ్యంగా మలచవచ్చునని ఒక విద్యార్థికి తోచడం, దానికి కళాశాలలోని తెలుగు సమాజం బహుమతి ఇవ్వడం, రెండూ గొప్ప విషయాలే. మన సాహిత్యంలో ఆధునికత ఎక్కడ మొదలైందనే చర్చలో ఈ కావ్యం పేరు నేటికీ వస్తుంది. ఆ రోజులలో ఆ కళాశాల సంస్కృత పండితులు వేదం వేంకటరాయశాస్త్రి గారు. (ఆయనను కూడా కొందరు ఆ కళాశాల పూర్వ విద్యార్థుల జాబితాలో చేర్చుతారు. అక్కడ ఆయనకు ఉన్న స్థానం గురుస్థానం.)

ఆ కళాశాల పట్టభద్రులే కాశీనాథుని నాగేశ్వరరావు గారు. బొంబాయిలో 1893లో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టి, దానిపై వచ్చిన ధనాన్ని 1908లో ఆంధ్రపత్రికకూ, 1924లో భారతి మాసపత్రికకూ వెచ్చించారు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక జరిగినది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఇక్కడే బి.ఏ. చదివి, ఆ తరువాత వైద్యవిద్య అభ్యసించి, బందరులో వైద్యుడిగా స్థిరపడ్డారు. 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడిన 1926లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు. కొత్త విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి కట్టమంచి వారు. 1931లో ఆయన స్థానంలోకి వచ్చినవారు రాధాకృష్ణన్. 1936లో మళ్లీ కట్టమంచి వారే వచ్చి 1949 వరకు కొనసాగారు. ముగ్గురూ క్రిస్టియన్ కళాశాల విద్యార్థులే. తెలుగువారి ఉన్నత విద్యకు పునాది వేసిన కాలమంతా ఆ కళాశాల తరగతి గదుల నుంచి వచ్చినవారి చేతులలోనే నడిచిందని చెప్పడం అతిశయోక్తి కాదు. జీవితచరిత్రలలో ఒక్క వాక్యంతో దాటిపోయే ఈ సంబంధం మీద ఎవరైనా శ్రద్ధగా పుస్తకం రాస్తే బాగుండును.

ప్రశ్న: తాంబరానికి మారిన తరువాత ఆ కళాశాల నుంచి ప్రముఖులు ఎవరూ రాలేదా?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: వచ్చారు. 1974 పోఖ్రాన్ అణుపరీక్షకు సారథ్యం వహించిన శాస్త్రవేత్తలలో ముఖ్యులైన రాజా రామన్న అక్కడ భౌతికశాస్త్రంలో పట్టభద్రులు. 1990 నుంచి 1996 వరకు ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న టి.ఎన్. శేషన్ కూడా అక్కడ భౌతికశాస్త్రమే చదివి, ఐ.ఏ.ఎస్.కు వెళ్లకముందు కొంతకాలం అక్కడే పాఠాలు చెప్పారు. 2006లో పెప్సికో సంస్థ అధిపతి అయిన ఇంద్రా నూయీ 1974లో అక్కడ డిగ్రీ పూర్తి చేశారు. అయితే అప్పటికి మన జిల్లాల విద్యార్థులకు వాల్తేరు, హైదరాబాదు, తిరుపతి విశ్వవిద్యాలయాలు అందుబాటులోకి వచ్చాయి కనుక, వెనుకటి తరంలో వలె తెలుగు పేర్లు వరుసగా కనిపించవు.