పొరుగింటి పండుగ మన ఇంటికి వస్తే

ప్రశ్న: రంజాన్ నాడు పక్కింటివారు షీర్ ఖుర్మా పంపారు. మా తొమ్మిదేళ్ల అమ్మాయి "వాళ్ల పండుగ పిండివంట మనం తినవచ్చా?" అని అడిగింది. ఏమని చెప్పాలి?

జవాబు: తినవచ్చు అని చెప్పి, ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్న మన ఇళ్ల మర్యాదను కూడా నేర్పండి. ఆ తరువాత, ఇది కొత్త సంగతి కాదని తెలిసేలా మన ఊళ్ల కథలు వినిపించండి. ఉగాది నాడు కడపలో ఎందరో ముస్లింలు బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా, వేంకటేశ్వరస్వామిని అల్లుడిగా తలచుకుంటూ, కొబ్బరికాయలు, పూలతో దేవుని కడప ఆలయానికి వెళ్తారు. మొహర్రం వేళ నెల్లూరు స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ నాకు మరీ ఇష్టం. కిందటిసారి కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, చదువో ఉద్యోగమో సంతానమో కోరుకునేవారు దాన్ని అందుకుంటారు. నీళ్లలో నిలబడి ఒకరి ఆశను మరొకరి చేతిలో పెట్టే ఆ క్షణంలో ఎదుటివారి మతమేమిటని ఎవరూ అడగరు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకూ హిందువులు మొక్కులు చెల్లిస్తారు.

ఆచారాలన్నీ ఒకటేనని మాత్రం పాపకు చెప్పకండి, ఎందుకంటే తేడాలు నిజమైనవే, వాటిని తెలుసుకొని గౌరవించడమే స్నేహం. మీ ప్రసాదం తినడానికి వారు సంకోచిస్తే నొచ్చుకోక, పండ్లు పంపండి. షీర్ ఖుర్మా ఎలా వండుతారో పాపనే వెళ్లి ఆ ఇంటి అమ్మను అడగనివ్వండి.