వృద్ధాశ్రమం ప్లాను గీయించే ముందు

బిడ్డా,

జిల్లాలో సర్కారు వృద్ధాశ్రమం ప్రతిపాదన రాసే పని నీ మీద పడ్డదని తెలిసింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్‌లో జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అని ఉంది. ఆ 150 పట్టుకొని నేరుగా ఇంజనీరు దగ్గరికి పోకు. వాళ్లలో తమంతట తాము లేచి బాత్రూముకు పోగలిగేది ఎందరో ముందు లెక్క తియ్యి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వార్డుల్లో, కాజీపేట స్టేషన్లో, బస్టాండ్లలో అడుగు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు వచ్చిన ఫోన్లు, పిల్లలు చూడట్లేదని ఆర్డీవో ట్రిబ్యునల్‌లో వృద్ధులు వేసిన కేసులు చూడు.

'తన పనులు తాను చేసుకోగలిగినవారికే ప్రవేశం' అని రూలు రాయొద్దు. ఇవాళ నడిచి వచ్చిన ముసలమ్మ రెండేళ్లకు తుంటి విరిగి మంచాన పడితే ఎక్కడికి పంపుతవు? నాలుగో వంతు మంచాలు అట్లాంటివాళ్ల కోసమే మొదటినుంచీ ఉంచాలన్నది నా మాట.

అసలు చిక్కు రాత్రి డ్యూటీలో ఉంది. వారానికి 168 గంటలు. ఒక మనిషి చేసేది 48. ఒక్క ఆయా పోస్టు రాత్రింబగళ్లు నిండాలంటే మూడున్నర మంది కావాలి, సెలవులు, జ్వరాలు కలిపితే నలుగురు. ముగ్గురినే మంజూరు చేయించుకుంటే ఖాళీ పడేది రాత్రిపూటే. ముసలివాళ్లు జారి పడేది, దెబ్బ తగిలేది కూడా అప్పుడే. మంచాన ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే పుండ్లు పడతయి, అవి మానడానికి నెలలు పడుతది. కట్టడానికి డబ్బు ఒక్కసారి వస్తే చాలు, జీతాలు నెలనెలా రావాలి. అందుకే జీతాల పద్దు వేరుగా చూపించు.

బాత్రూము తలుపు మూడడుగుల వెడల్పుండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపల పడ్డ మనిషి తలుపుకే అడ్డం పడితే లోపలికి తోయలేం. గడియ బయటినుంచి కూడా తీయగలిగేది పెట్టించు. నీళ్లు బయటికి రావద్దని మేస్త్రీ గడప కడతడు, కాలు తగిలేది దానికే. గడప వద్దని, నేలను జాలీ వైపు వాలుగా వేయమని చెప్పు. కమోడ్‌కు రెండు పక్కలా పట్టుకునే స్టీలు కడ్డీలు ఎక్కడొస్తయో గోడ లేపకముందే తేల్చాలి. బోలు ఇటుకలో బిగిస్తే మనిషి బరువుకు ఊడొస్తయి. ర్యాంపు వాలు 1:12. అరుగు అడుగున్నర ఎత్తుంటే 18 అడుగుల ర్యాంపు కావాలి, ఆ జాగా ముందే వదలాలి.

చెరువు మత్తడి (నిండిన నీళ్లు పొర్లే అలుగు) కింద జాగా ఇస్తామంటే ఒప్పుకోకు. 2023 జులై వరదల్లో వరంగల్ హంటర్ రోడ్డు కాలనీలు మునిగినయి, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నరు. నడవలేనివాళ్లను డాబా ఎవరెక్కిస్తరు?

చేర్చుకునే రోజే ఫారంలో కబురు ఎవరికి పంపాలి, దహనమా ఖననమా అన్నది వాళ్లనే అడిగి రాయించు. తర్వాత అడిగే వీలుండకపోవచ్చు.

ఫైలు కలెక్టర్ గారి దగ్గరికి పోకముందే రాత్రి డ్యూటీ చార్టు నాకు పంపు.