వర్షారణ్యంలో లెన్స్ మసకబారుతోందా?
గైడ్‌తో వారం రోజులు వర్షారణ్యానికి వెళ్తున్నానని, పోయినసారి తొలి ఉదయమే లెన్స్ మసకబారి కోతుల గుంపు ఫోటో దక్కలేదని రాశారు. చదివితే నాకే బాధేసింది.

కారణం ఏసీ గది. చల్లబడ్డ అద్దానికి బయటి తేమగాలి తగలగానే సన్నటి నీటిపొర పడుతుంది. కెమెరాను ఏసీలో ఉంచకండి. తప్పకపోతే జిప్ వేసిన బ్యాగులోనే బయటికి తెచ్చి, అరగంట ఆగి తీయండి. ఈలోపు లెన్స్ మార్చొద్దు, తేమ లోపలికి చేరితే తుడవడం కూడా కుదరదు.

అడవిలో క్యాంపు వేశాక బాధ వేరు, ఏదీ ఒక పట్టాన ఆరదు. రాత్రిళ్లు కెమెరాను పొడిగా తుడిచి, తేమను పీల్చుకునే సిలికా జెల్ గింజలతో గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. రంగు మారే గింజలైతే మంచిది, తేమతో నిండాయో లేదో చూడగానే తెలుస్తుంది. తుడిచిన తడిగుడ్డను మాత్రం అదే డబ్బాలో పెట్టకండి.