గెలీలియో సెవెన్: నేను తప్పుగా చూసిన ఎపిసోడ్

అడిగిన ప్రశ్న ఇది: పాత అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరీస్ స్టార్ ట్రెక్‌లో మొదట నచ్చక, తర్వాత అభిప్రాయం మార్చుకున్న ఎపిసోడ్ ఏదైనా ఉందా?

ఉంది. "ద గెలీలియో సెవెన్". మొదటి సీజన్‌లోది, 1967 జనవరి 5న అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారం చేసింది. మంచి ఎపిసోడ్లు చెప్పమంటే ఎవరైనా "ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్" అంటారు, "బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్" అంటారు. దీని పేరెత్తితే మాత్రం "ఓ, కోతులు ఈటెలు విసిరేదా?" అని నవ్వేస్తారు. నేనూ అలా నవ్వినవాణ్నే.

నేను మొదటిసారి స్టార్ ట్రెక్ చూసింది ఎనభైల్లో, దూరదర్శన్‌లో, ఆదివారం పొద్దున. మా వీధికంతటికీ ఒకటే టీవీ. ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా స్పాక్ అంటే పిచ్చి. సగం మనిషి, సగం వేరే గ్రహజాతి; తర్కమే తప్ప ఆవేశం ఎరగని నౌకాధికారి. ఆ చెవులు, పైకి లేచే ఆ కనుబొమ్మ, ఎవరెంత అరిచినా పెరగని ఆ గొంతు. మాట అర్థమయ్యే వయసొచ్చాక సీడీలు సంపాదించి వరసగా చూస్తూ దీని దగ్గరికొస్తే ఒళ్లు మండింది. మా స్పాక్‌ను తెలివితక్కువ దద్దమ్మలా చూపించి, చివర్లో అందరూ కలిసి నవ్వుతారా అని.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. న్యూ పారిస్ అనే చోట ప్లేగు. అక్కడికి పంపాల్సిన మందులు ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో ఉన్నాయి. దారిలో మురసాకి 312 అనే క్వేజార్ లాంటిది కనబడితే, రెండు రోజుల టైమ్ మిగిలి ఉంది కదా అని కెప్టెన్ కిర్క్ ఏడుగురిని గెలీలియో అనే షటిల్‌లో, అంటే చిన్న నౌకలో, పరిశీలనకు పంపిస్తాడు. (క్వేజార్ అనే మాట అప్పటికి సరికొత్తది. 3సీ 273 అనే క్వేజార్ ఎంత దూరాన ఉందో 1963లోనే తెలిసింది. అవి సుదూర గెలాక్సీల నడిబొడ్డులు, షటిల్ వేసుకుని చూసొచ్చే సరుకు కాదు. పోనీలెండి.) షటిల్ టారస్ 2 అనే గ్రహం మీద కూలుతుంది. రేడియో లేదు, ఇంధనం కారిపోయింది. పైకి లేవాలంటే 500 పౌండ్ల బరువు తగ్గించాలి, అంటే ముగ్గురు మనుషులు కిందే ఉండిపోవాలి. నాయకుడు స్పాక్.

మొదటి చావు బృందంలోని లాటిమర్‌ది. వీపులో ఈటె దిగి పడిపోతాడు. స్పాక్ ఆ ఈటె మొన చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఇది న్యూ మెక్సికోలో దొరికిన ఆదిమకాలపు ఫోల్సమ్ రాతి మొనల్లా ఉందే, కాకపోతే పనితనం కాస్త మోటు అంటాడు. పక్కనే బృందంలోని బోమా. మనిషి చచ్చి పడుంటే రాతి ఈటెల గురించి మాట్లాడతావేంటని మండిపడతాడు. తను చెప్పినదాంట్లో తప్పేముందో స్పాక్‌కు నిజంగానే అర్థం కాదు.

సీడీలో చూసినప్పుడు నేను పూర్తిగా స్పాక్ పక్షం. దాడి చేసేది ఎవరో, వాళ్ల పనిముట్లు ఏపాటివో తెలుసుకోవడం నాయకుడి పని కాదా? ఏడిస్తే లాటిమర్ లేచొస్తాడా?

తర్వాత నేను ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అయ్యాను. ఓ ఏడాది ప్లాంటు ఆపి రిపేర్లు చేసే ఇరవై రోజుల షట్‌డౌన్ మధ్యలో, మా గ్యాంగులో రిగ్గర్ (బరువులు ఎత్తించే పనివాడు) ఒకడు డ్యూటీ దిగి బండి మీద ఇంటికెళ్తూ లారీ గుద్ది పోయాడు. ఆ రాత్రే అందరికీ తెలిసింది. అందరూ ఆ ఊరు వెళ్తామన్నారు. అందరూ వెళ్తే రెండు రోజులు పని ఆగిపోతుంది. నేను రాత్రంతా కూర్చుని లెక్క వేశాను. సగం మంది ఇప్పుడు దహనానికి, మిగతా సగం పెద్దకర్మ నాటికి. ఎవరికీ జీతం కోత లేదు, వ్యాన్ ఖర్చు కంపెనీది. ఇంతకంటే న్యాయంగా ఎవరు చేస్తారు? పొద్దున్నే వైట్‌బోర్డు మీద చార్ట్ మార్చి రాసి, ఏమైనా అనుమానాలున్నాయా అని అడిగాను. ఒక్కరూ మాట్లాడలేదు. ఒప్పుకున్నారనుకున్నాను.

షట్‌డౌన్ ఒక రోజు ముందే పూర్తయింది. కానీ రాత్రి షిఫ్టులో మూడింటికి టీ తెచ్చే కుర్రాడు రెండు నెలలపాటు నా గ్లాసు గుమ్మం బయటే పెట్టేసి వెళ్లాడు. అంతకు ముందు లోపలికొచ్చి, రెండు కబుర్లు చెప్పి వెళ్లేవాడు. చివరికి ఒక పెద్ద ఫిట్టర్‌ను పట్టుకుని, నేను చేసిన తప్పేంటో చెప్పవయ్యా అని అడిగాను. ఆయన కాసేపు నసిగి అన్నాడు: "లెక్క తప్పని నేనన్లేదండి సార్. వాడి పేరు డస్టర్‌తో తుడిచి, అదే గడిలో ఇంకొకడి పేరు రాసేశారు. బోర్డు ముందు మేమందరం నిలబడే ఉన్నాం కదండీ."

ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈటె మొన తిప్పి చూస్తున్న స్పాక్ గుర్తొచ్చాడు. మళ్లీ ఎపిసోడ్ పెట్టుకున్నాను.

ఈసారి మొదట దొరికింది షటిల్‌లో ఉన్న డాక్టర్ మెకాయ్ మాట. ఈటెలు విసిరే ఆ కోతుల్లాంటి జీవులను చంపొద్దు, భయపెడదాం, మన ఆయుధాల బలం చూస్తే వాళ్లే తగ్గుతారని స్పాక్ లెక్క. వాళ్లు భయపడకపోగా కోపంతో మీద పడతారు. వాళ్ల తిక్కకు నాది బాధ్యత కాదంటాడు స్పాక్. తిక్కేమీ లేదు, కాస్త మనసున్నవాడెవడైనా ఇది ముందే చెప్పగలిగేవాడు అంటాడు మెకాయ్. నేను ఇన్నాళ్లూ దీన్ని మెకాయ్ ఎత్తిపొడుపుల్లో ఒకటిగా తీసిపారేశాను. నిజానికి అది లెక్కలో తప్పు చూపించడం. కోపం కూడా లెక్కలోకి రావాల్సిన అంకే, స్పాక్ దానికి సున్నా వేశాడు. మా వాళ్లు మౌనంగా ఉంటే నేనూ అదే వేశాను.

రెండోది నేను అసలు పట్టించుకోని సీన్. బృందంలో ఇంకొకడు గేటానో. అతన్ని కాపలాకు పెట్టింది స్పాకే. అతనూ పోతాడు. అతని ఫేజర్ (కిరణాల తుపాకీ) దొరుకుతుంది, మనిషి కనబడడు. ఇంజనీరు స్కాటీకి కావాల్సింది ఫేజర్లే, వాటిలోని శక్తినే షటిల్‌కు ఇంధనంగా ఎక్కిస్తున్నాడు. అంటే పని జరిగిపోయింది. అయినా స్పాక్ ఆ ఫేజర్ మిగతావాళ్లకు ఇచ్చి పంపించి, ఒక్కడే పొగమంచులోకి వెళ్లి, ఈటెలు మీద పడుతుంటే గేటానో శవాన్ని మోసుకొస్తాడు. వెళ్లమని ఎవరూ అడగలేదు. తెచ్చాక దాని గురించి ఒక్క ముక్క మాట్లాడడు.

నేను మా రిగ్గర్ ఊరు వెళ్లలేదు. చార్టులో రెండు బ్యాచ్‌ల్లోనూ నా పేరు లేదు. ఎవరో ఒకరు ప్లాంటులో ఉండాలి కదా అనుకున్నాను.

చివర్లో షటిల్ ఎలాగోలా కక్ష్యలోకి చేరుతుంది కానీ ఎక్కువసేపు నిలవదు. గడువు అయిపోవడంతో ఎంటర్‌ప్రైజ్ వెళ్లిపోతోంది. స్పాక్ ఉన్న ఇంధనమంతా బయటికి వదిలి అంటిస్తాడు. ఆ మంట ఎంటర్‌ప్రైజ్ నడిపే సులూ కంట పడుతుంది, ఐదుగురు బతుకుతారు. స్పాక్ చివరికి మనిషిలా ఆవేశంతో చేసిన పని ఇదేనని అందరూ అంటారు, కిర్క్ కూడా అదే అంటాడు. నేను ఒప్పుకోను. ఎలాగూ కాసేపట్లో కాలి బూడిదయ్యేటప్పుడు ఇంధనం దాచుకుని ఏం లాభం? అది శుద్ధ లెక్క. లెక్కకు అందని పని అతను కిందే, పొగమంచులో చేసేశాడు. చూసినవాళ్లు లేరు.

లోపాలు లేవని కాదు. బోమా పై అధికారితో మాట్లాడే తీరుకు ఏ నౌకలోనైనా మర్నాడే ఉద్యోగం ఊడుతుంది. నౌకలోనే ఉండి కిర్క్‌ను తొందరపెట్టే కమిషనర్ ఫెరిస్‌ను విలన్‌లా చూపించారు, పాపం ఆయన అడిగేది ప్లేగు రోగులకు మందులే. ఎంటర్‌ప్రైజ్‌లో జరిగే సీన్లు సగం సాగదీతే. ఇంకో సరదా సంగతి, సీరీస్ కోసం షటిల్‌ను మొదటిసారి షూట్ చేసింది ఇందులోనే. అంతకు ముందు "ది ఎనిమీ వితిన్"లో సులూ బృందం గ్రహం మీద చలికి గడ్డకట్టుకుపోతుంటే షటిల్ పంపాలని ఎవరికీ తట్టదు, ఎందుకంటే అప్పటికి దాని సెట్టే కట్టలేదు!

ఇక ఆ ఆఖరి సీన్. ఆవేశపడ్డానని ఒప్పుకో అని కిర్క్ ఆటపట్టిస్తాడు, స్పాక్ ఒప్పుకోడు, బ్రిడ్జి (నౌకను నడిపే గది) మీద అందరూ పగలబడి నవ్వుతారు. ఇద్దరు చచ్చి ఒక రోజు కూడా కాలేదు. అక్కడ ఈటె గురించి మాట్లాడినందుకు స్పాక్ తిట్లు తిన్నాడు, ఇక్కడ ఈ నవ్వుకు ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఇప్పటికి ఆరేడుసార్లు చూసుంటాను. సులూ తెరమీద మంట చూసి కిర్క్‌ను పిలుస్తాడు, షటిల్ కాలిపోతుంది, ఐదుగురూ దొరికారన్న కబురు కిర్క్‌కు అందుతుంది. అక్కడే ఆపేస్తాను.