తిమింగలాల కోసం సంతకాలు సేకరించబోయే మేనకోడలికి

చి. మేనకోడలికి, కళింగపట్నం నుంచి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన కరపత్రం రెండుసార్లు చదివాను. మన తీర గ్రామాలలో సభలు పెట్టి, తిమింగలాల వేట మానుకోవాలని జపాన్‌ను కోరుతూ సంతకాలు సేకరించాలన్న నీ సంకల్పం మంచిదే. అయితే మత్స్యకారుల సహకార సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా కొన్ని మాటలు చెప్పక తప్పదు.

ముందుగా 'తిమింగలాలన్నీ అంతరించిపోతున్నాయి' అన్న మొదటి వాక్యాన్ని కొట్టివేయి. ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపారన్నదీ, అంటార్కిటిక్ నీలి తిమింగలాలు నేటికీ పూర్తిగా తేరుకోలేదన్నదీ నిజమే గాని, నార్వే వేటాడే మింకీ తిమింగలాలకు ఆ ప్రమాదం లేదు. హంప్‌బ్యాక్‌లు చాలా చోట్ల కోలుకున్నాయి. ఎదుటివారు ఈ ఒక్క పొరపాటు పట్టుకుంటే మిగతాదంతా వినరు. వ్యాపారం కోసం తిమింగలాల వేటపై ఉన్న అంతర్జాతీయ నిషేధం గురించి నువ్వు రాసిన 'జపాన్ నిషేధాన్ని ఉల్లంఘిస్తోంది' అన్న మాటా ఇప్పుడు నిలవదు. పరిశోధన పేరిట అంటార్కిటిక్‌లో అది సాగించిన వేట శాస్త్రీయ అవసరం కోసం కాదని 2014లో అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చిన మాట నిజమే. కానీ 2019లో ఆ దేశం ఆ నిషేధం పెట్టిన అంతర్జాతీయ తిమింగల కమిషన్ నుంచే బయటికి వచ్చి, ఇప్పుడు తన జలాల్లోనే బాహాటంగా వ్యాపారానికి వేటాడుతోంది.

నీకు ఇంతకన్నా గట్టి వాదన ఉంది. పరిమితి పెట్టుకుని వేటాడితే తప్పేమిటని అడిగేవారికి సోవియట్ నౌకల కథ చెప్పు. అవి దాదాపు 1,80,000 తిమింగలాలను చంపి కమిషన్‌కు లెక్క చూపలేదు. ఆ సంగతి 1990లలో గాని లోకానికి తెలియలేదు. నడిసముద్రంలో జరిగే పనికి కాగితం మీది పరిమితిని నమ్మడం ఎంత కష్టమో ఇది చెబుతుంది.

వేటాడే జనాన్ని 'క్రూరులు' అని రాయవద్దు. అలాస్కా తీరంలోని ఇనుపియాట్ అనే ఆదివాసీ ప్రజలు తిండి కోసం చేసే వేటకు కమిషనే అనుమతిస్తోంది. సీల్ వేటపై ప్రచారం వల్ల ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ ప్రజల బతుకుతెరువు దెబ్బతిన్నందుకు గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ కెనడా విభాగం 2014లో క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. నీ సభకు వచ్చేవారూ సముద్రం మీద బతికేవారే. ఆ కరపత్రం చదివితే రేపు తమ పడవల మీదికి ఎవరు వస్తారోనని తప్పక అనుకుంటారు.

అసలు విషయం ఇక్కడే ఉంది. హిందూ మహాసముద్రం 1979 నుంచి తిమింగలాలకు అభయ ప్రాంతం, మన బంగాళాఖాతం అందులో భాగమే. ఇక్కడికి ఈటె తుపాకుల నౌకలు రావు, వలలే ప్రమాదం. ప్రపంచమంతటా ఏటా దాదాపు 3 లక్షల తిమింగలాలు, డాల్ఫిన్లు వలల్లో చిక్కి చనిపోతున్నాయని అంచనా. అందుచేత జపాన్‌కు పంపే సంతకం కన్నా, వలలో చిక్కిన ప్రాణిని వదిలేస్తామన్న మాట మన జాలరుల నుంచి సంపాదించడం ఎక్కువ విలువైన పని.

అది ఎలా సాధ్యమో గుజరాత్‌లోని వేరావల్ చూపింది. అక్కడ వేల్ షార్క్ అనే భారీ సొరచేపను కొక్కేలతో వేటాడేవారు. దాని కాలేయపు నూనెను పడవలకు పూసేవారు. 2001లో చట్టం దానిని రక్షిత ప్రాణిగా చేసినా, 2004లో మొదలైన ప్రచారమే జనాన్ని కదిలించింది. ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురితో పోల్చి, అలాంటి కూతురిని ఎవరైనా చంపుతారా అని రామకథా ప్రవచనకారుడు మొరారి బాపు అడిగారు. అంతటితో ఆగితే అది ఉపన్యాసమే అయ్యేది. ఆ చేపను విడిపించడానికి వల కోస్తే అటవీశాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటు చేశారు. కత్తి పట్టుకుని తన వలను తానే కోసుకునేవాడికి ఆ పూట కూలీయే కాదు, ఇసుకలో కూర్చుని రోజుల తరబడి చిక్కు తీసి అల్లుకున్న వల కూడా పోతుంది. ఆ నష్టం ఊసెత్తకుండా కరుణ గురించి మాట్లాడితే, నాకే కోపం వస్తుంది.

కాబట్టి కరపత్రంలో సగం చోటు ఈ పరిహారానికి ఇవ్వు. మన జిల్లాలోనూ అటువంటి ఏర్పాటు కావాలని అటవీ, మత్స్యశాఖలకు ఒక వినతిపత్రం రాసి, సంతకాలు దానికి తీసుకో. 2023లో మేఘవరం తీరానికి కొట్టుకువచ్చిన తిమింగలం కళేబరాన్ని చూసినవారు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు, వారి చేత మాట్లాడించు. సభలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపల వేట నిషేధ కాలంలో పెట్టుకుంటే మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఎండ తగ్గాక, సాయంత్రం మాత్రమే. ఆడవాళ్లను మరువకు, చేప అమ్మి లెక్క చూసేది వాళ్లే. తిరగరాసిన కరపత్రం పంపితే సంఘం పెద్దలకు చూపించి, మొదటి సభకు చోటు నేను మాట్లాడి పెడతాను.

ఇట్లు,
మీ మావయ్య