సందు దాకా ఒక లెక్క, ఆ తర్వాత ఇంకో లెక్క

ఉదయగిరి,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

నీ కొండదారి సైకిల్ రేసు సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఐదు ల్యాపులంట, ఒక్కోదాంట్లో పెద్ద ఎక్కుడు ఒకటంట. నీ కాళ్ళ బలం గురించి నాకు బెంగ లేదు. దాన్ని ఎప్పుడు ఖర్చు పెడతావన్నదే నా టెన్షన్.

నా మొదటి రేసు చెప్తా విను. ఈల వెయ్యగానే పదిమందిని దాటేశా. జనం అరుస్తుంటే ఒళ్ళు తెలీలేదు. మొదటి ల్యాప్ అయ్యేసరికి మూడోవాణ్ణి. రెండో ల్యాప్‌లో ఎక్కుడు సగానికొచ్చేసరికి తొడలు బండరాళ్ళయిపోయినాయి, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. దిగి సైకిల్ నెట్టుకుంటూ పోతుంటే, నాదానికంటే బరువైన సైకిల్ మీద ఒక కుర్రోడు సీటు మీంచి లేవకుండానే తొక్కుకుంటూ వచ్చి, 'అన్నా, కొంచెం పక్కకి' అన్నాడు. వాడి గొంతులో రొప్పు లేదు. దాటిపోయినందుకు కాదు, ఆ రొప్పు లేనందుకు కుళ్ళుకున్నా.

అట్లాగని మొదట్లో మెల్లగా పొమ్మని చెప్పను. స్టార్ట్ అయిన కాసేపటికే దారి ఒక్క సైకిల్ పట్టేంత సందు అవుతుంది. అక్కడ వెనకబడితే, ముందువాడు తడబడ్డప్పుడల్లా నువ్వూ కాలు కింద పెట్టాల్సిందే. అందుకని ఆ సందు దాకా గట్టిగానే తొక్కు. దూరిన మరుక్షణం తగ్గించు. చాలామంది చెడేది ఇక్కడే, ఆ ఊపులో ఇంకో పది నిమిషాలు అట్లే పోతారు. అప్పుడు చేతివాచీలో గుండె అంకెను నమ్మొద్దు, అది కాళ్ళకంటే ఆలస్యంగా పెరుగుతుంది. అది చూపించేసరికి నీ జేబు ఖాళీ. ఊపిరిని చూసుకో. రెండు మూడు మాటలు పలకగలిగితే సరే. ఒక్క మాటా రాకపోతే అప్పు మీద తొక్కుతున్నట్టే.

ఎక్కుడు రాకముందే గేరు తేలిక చేసుకో. చైను మీద బరువు పడ్డాక మారిస్తే కర్రుమంటుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. అడుగున కాస్త ఆపుకుని, పైకొచ్చాక నాలుగు తొక్కులు గట్టిగా వేసి దిగుడులోకి పో. అందరూ ఊపిరి తీసుకునే చోట నీకు రెండు మూడు సైకిళ్ళ దూరం ఊరికే వస్తుంది.

దిగుడులో రెస్ట్ దొరుకుతుందని మాత్రం అనుకోకు. కాళ్ళు ఆగినా చేతులు, భుజాలు, నడుము బిగిసి పనిచేస్తూనే ఉంటాయి, గుండె అనుకున్నంత దిగదు. బ్రేకు మీద ఒక్క వేలే ఉంచు, పళ్ళు బిగించకు. దవడ వదిలితే భుజాలు వాటంతటవే వదులవుతాయి. ఇది నేను పదేళ్ళకి నేర్చుకున్నా.

పంక్చరో, పడిపోవడమో జరిగితే పోయిన టైముని ఒక్క ఎక్కుడులో లాక్కోవాలని చూడకు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ రేసు మధ్యలో బ్రిటన్ కుర్రోడు టామ్ పిడ్‌కాక్‌కి పంక్చరైంది, చక్రం మార్చుకునేసరికి అర నిమిషం పైన పోయింది. ల్యాపు ల్యాపుకి కొంత కొంత తెచ్చుకుని, చివరి ల్యాప్‌లో ఫ్రాన్స్‌వాడు కొరెట్స్‌కీని దాటి బంగారం కొట్టాడు. అంతెందుకు, మన ఉదయగిరి దుర్గాన్నే చూడు. కృష్ణదేవరాయలంతటివాడు గజపతుల నుంచి దీన్ని 1514లో తీసుకున్నాడు గానీ, అంతకుముందు ఏడాదికి పైగా కొండ కింద కాచుకుని కూర్చున్నాడు.

తిండి సంగతి మామూలే. మూడు గంటల ముందు ఇడ్లీ, అంతే. నీళ్ళు దాహం వేశాక కాదు, చదును దారి వచ్చినప్పుడల్లా రెండు గుక్కలు. బాటిల్లో కాస్త ఉప్పు, చక్కెర కలుపుకో. రేసులో శక్తికోసం తినే ఆ ప్యాకెట్ జెల్ కొత్తది ఏదైనా ఉంటే ఆ రోజు నోట్లో పెట్టకు, ముందే ప్రాక్టీసులో తిని చూడు.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఇక్కడికి రా. కొండ కింద బాటలో నాలుగు రౌండ్లు తొక్కు, టైము నేను రాస్తా. మొదటిది అన్నిటికంటే తక్కువ టైములో, నాలుగోది అన్నిటికంటే ఎక్కువ టైములో వచ్చాయంటే మళ్ళీ తొక్కిస్తా. ఒక ట్యూబ్ ఎక్కువ తెచ్చుకో, దారంతా చిల్లకంప ముళ్ళే. మీ అత్తయ్య రొయ్యల వేపుడు చేస్తానంటోంది, అది మాత్రం రౌండ్లు అయ్యాకే.

మీ మావయ్య